పేజీ నిండా అచ్చు ఉంటేనే పుస్తకమా?

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా బడుల్లో మన పిల్లల చేత ఏం చదివిస్తున్నారో చూడండంటూ ఈ మధ్య మీ పత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన మా సిడ్నీ వాసే. పుస్తకం పేరు ఆయన రాయలేదు. కానీ గూడ్సు బండి, పారిపోయిన కుర్రాడు, సగం ఖాళీ పేజీలు అనగానే అది ఆస్ట్రేలియా రచయిత స్టీవెన్ హెరిక్ రాసిన ‘ది సింపుల్ గిఫ్ట్’ అని హైస్కూలు పిల్లలున్న ఇక్కడి వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ పుస్తకాన్ని క్లాసులోంచి తీసేయమని ప్రిన్సిపాల్‌కి ఇవ్వడానికి ఒక పిటిషన్ కూడా తయారై మా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో గ్రూపులో చెబితే గొడవవుతుంది కాబట్టి మీకు రాస్తున్నాను.

ఆ ఉత్తరం రాసినాయన ఫిర్యాదులు రెండు. మొదటిది డబ్బుకు సంబంధించింది. పేజీకి ఇరవై లైన్లుంటే ఎక్కువ, అవీ పొట్టి లైన్లు, మిగతా అంతా తెల్ల కాగితం, దీనికి అంత ధరా అని. రెండోది నీతికి సంబంధించింది. తాగుబోతు తండ్రి, ఇల్లు వదిలేసిన పదహారేళ్ల కొడుకు, వాడికో స్నేహితురాలు, ఇదేం పాఠం అని.

ముందు కథ చెప్పాలి. పిటిషన్ రాసినవాళ్లలో ఎంతమంది పుస్తకం తెరిచారో నాకు అనుమానమే. బిల్లీ అనే కుర్రాడు తాగి కొట్టే తండ్రిని వదిలేసి గూడ్సు బండెక్కుతాడు. బెండరాట్ అనే ఊళ్లో దిగి, రైల్వే యార్డులో పక్కన పడేసిన పాత బోగీలో కాపురం పెడతాడు. పగలంతా ఊరి లైబ్రరీలో చదువుకుంటాడు. పక్క బోగీలో ఓల్డ్ బిల్ అనే ముసలాయన ఉంటాడు. ఒకప్పుడు లాయరు. కూతురు చెట్టు మీంచి పడి చనిపోయింది, ఆ తర్వాత భార్యా పోయింది, అప్పట్నుంచి సీసాయే లోకం. మూడో మనిషి కేట్లిన్. డబ్బున్న ఇంటి పిల్ల, అయినా మెక్‌డొనాల్డ్స్‌లో నేల తుడిచే పని చేస్తుంటుంది. కథ చెప్పేది ఈ ముగ్గురే, ఒకరి తర్వాత ఒకరు, చిన్న చిన్న వచన కవితల్లో. ప్రాస లేదు, ఛందస్సు లేదు. మనం మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

బిల్లీ ఆ మెక్‌డొనాల్డ్స్‌లో ఎవరో తినగా వదిలేసి వెళ్లిన ట్రేలు తెచ్చుకుని తింటుంటాడు. తుడుస్తున్న కేట్లిన్ చూస్తుంది. మేనేజర్‌కి చెప్పొచ్చు. చెప్పదు. నవలంతా ఇలాంటి చోట్లే మలుపు తిరుగుతుంది. ఎవరూ పెద్ద త్యాగాలు చేయరు, కళ్ల ముందున్న మనిషిని మనిషిగా చూస్తారు, అంతే. ఆ ముసలాయనకు బిల్లీ పొద్దున్నే పాలూ, వాటిలో వేసుకుని తినే అటుకుల్లాంటి సీరియలూ తెచ్చి పెడతాడు. ఆయన తాగుడు తగ్గిస్తాడు. చివరికి ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచిన తన ఇంటి తాళాలు తీసి ఆ కుర్రాడి చేతిలో పెడతాడు. ఇది చదివి పిల్లలు ఇళ్లు వదిలి పారిపోతారని భయపడుతున్నవాళ్లకు ఏం చెప్పను?

ఇక ఆ ఖాళీ సంగతి. పదేళ్లప్పుడు పెరట్లో బంతాట ఆడుకుంటున్న బిల్లీని తండ్రి చెంప పగలగొడతాడు. ఆ కవిత మహా అయితే ఒక పేజీ. మామూలు నవల అయితే తండ్రి ఎందుకు తాగొచ్చాడు, వాడికి ఎంత నొప్పేసింది, తర్వాత ఎంతసేపు ఏడ్చాడు అన్నీ రాసుకుపోతుంది. ఇక్కడ దెబ్బ పడుతుంది, కవిత అయిపోతుంది. మిగతాది చదివే పిల్లాడి పని. ఆ తెల్ల కాగితం అందుకే. దాన్ని ముద్రాపకుల దుబారాగా లెక్కగట్టడం పాటలో తాళానికీ తాళానికీ మధ్య విరామాన్ని పాటగాడి బద్ధకం అన్నట్టు ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఆదివారాలు నేను సాయం చేసే తెలుగు బడికి వచ్చే ఒక అబ్బాయి క్రికెట్ స్కోర్లు తప్ప ఏదీ చదవడు. వాళ్లమ్మ టెన్షన్ పడి, ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే సెలెక్టివ్ స్కూళ్ల కోసం కోచింగులో వేసి, పెద్ద పెద్ద క్లాసిక్కులు కొనిపెట్టింది. అవి అరలోంచి దిగలేదు. ఈ పుస్తకం మాత్రం స్కూల్లో ఇస్తే పూర్తి చేశాడు. పేజీలు చకచకా తిరుగుతుంటే నేనూ చదవగలను అనే ధైర్యం వస్తుంది. మొత్తం చదివాననే సంగతి వాడికి పెద్ద విషయం, మనకు కాకపోవచ్చు. అలాగని ఇది చదువు రాని పిల్లలకు ఇచ్చే తేలిక పుస్తకం కాదు. మా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పన్నెండో తరగతి చివర రాసే హెచ్‌ఎస్‌సీ పరీక్షకు ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల జాబితాలో ఇది ఎన్నో ఏళ్లు ఉంది. 2000లో వచ్చిన పుస్తకం ఇప్పటికీ క్లాసుల్లో నడుస్తోంది. హెరిక్‌దే ‘బై ద రివర్’ అని ఇంకో నవల ఉంది. 1960ల నాటి ఒక చిన్న ఊళ్లో తల్లిలేని ఇద్దరు అన్నదమ్ముల కథ. దానికి 2005లో ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఎథెల్ టర్నర్ బహుమతి వచ్చింది. జర్మన్‌లోకి వెళ్లి 2019లో అక్కడి యువ సాహిత్య బహుమతి కూడా తెచ్చుకుంది. నన్నడిగితే ‘ది సింపుల్ గిఫ్ట్’ కంటే అదే మంచి పుస్తకం, కానీ అది వేరే చర్చ.

నీతి గురించి ఫిర్యాదు చేసినాయన నా వయసువాడే అనుకుంటాను. అయితే ఆయనా నాలాగే బడిలో గురజాడ ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ చదువుకునే ఉంటాడు. పూజారి డబ్బుకు ఆశపడి చిన్నపిల్లను ముసలివాడికి కట్టబెడతాడు. ఆ పిల్ల అన్నదమ్ముల దగ్గర సెలవు తీసుకుని వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. అదీ కవితలో చెప్పిన కథే, అదీ పిల్ల బతుకే, అందులోనూ తప్పు తండ్రిదే. చెరువు దగ్గర ఏం జరిగిందో గురజాడ కూడా విప్పి చెప్పలేదు. మనం క్లాసులో గొంతు పూడుకుపోతూ చదివాం. తండ్రుల మీద పిల్లలకు గౌరవం పోతుందని మన అమ్మానాన్నలెవరూ హెడ్మాస్టరు గారి దగ్గరికి పిటిషన్ పట్టుకెళ్లలేదు. మన కవి రాస్తే సంస్కరణ, ఆస్ట్రేలియా వాడు రాస్తే చెడగొట్టడమా?

ఒక మాట ఒప్పుకోవాలి. బిల్లీ, కేట్లిన్‌ల ప్రేమ చేతులు పట్టుకోవడంతో ఆగదు. రచయిత నిదానంగా, మర్యాదగానే రాశాడు, కానీ రాశాడు. అయిదో తరగతి పిల్లకు నేనైతే ఇవ్వను. తొమ్మిది, పది తరగతుల వాళ్ల సంగతి వేరు. వాళ్ల ఫోన్లలో ఏముంటుందో మనకు తెలియనట్టు నటిస్తూ పుస్తకం మీద మాత్రం పడటం నాకు నచ్చదు. పుస్తకమైతే టీచరు ముందు, పాతికమంది మధ్య చర్చకు వస్తుంది. మా ఇంట్లో అయితే భోజనాల దగ్గర వచ్చింది. మద్యం గురించి, చేయి చేసుకునే తండ్రుల గురించి మా అమ్మాయి అడిగిన ప్రశ్నలు మా ఆయన్నీ నన్నూ కాస్త ఇబ్బంది పెట్టాయి కూడా. మన వాళ్ల ఇళ్లలో ఈ రెండూ లేవని ఎవరైనా గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలరా? 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం 59 వేలు దాటాం. అన్ని ఇళ్లలో బిల్లీ లాంటి పిల్లలు ఒక్కరూ ఉండరనుకోవడం మన భ్రమ. ఆ పిల్లాడికి స్కూల్లో ఈ పుస్తకం దొరకాలి. దొరకకుండా చేయాలని మనమే సంతకాలు పెట్టడం ఘోరం.

పిటిషన్ తిప్పుతున్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మన ఊరి కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) లైబ్రరీ కార్డు ఉచితం. పుస్తకం తెచ్చుకుని ముందు మీరు చదవండి, ఒక సాయంత్రం చాలు. ఆ తర్వాత కూడా తీసేయాలనిపిస్తే ఫలానా పేజీ, ఫలానా కవిత అని చూపించి టీచర్‌తో మాట్లాడండి. వాట్సాప్‌లో వచ్చిన రెండు ఫొటోలు చూసి కాదు.

మీకూ ఒక విన్నపం ఉంది. మీ ఆదివారం పిల్లల పేజీలో చిన్నపిల్లల గేయాలుంటాయి, పెద్దల కవితలు ఇంకోచోట ఉంటాయి. పధ్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లకు ఏమీ ఉండదు. మన కవుల చేత ఆ వయసు పిల్లల కథను కవితల్లో రాయించి వారం వారం సీరియల్‌గా వేయండి. మొదటి భాగం వచ్చిన వారమే మా ఆదివారం బడిలో పిల్లల చేత చదివించే పూచీ నాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వెస్ట్‌మీడ్, సిడ్నీ