నొప్పికి మార్కులు వేయమంటే ఎట్లా?

ఎడిటర్ గారికి,

నేను చెన్నైలో పెరంబూరులో ఉంటాను. మా అమ్మది సూళ్ళూరుపేట, ఇరవై ఏళ్ళుగా షుగరు. మూడు నెలలకోసారి లోకల్ ట్రైన్‌లో వస్తే ఇక్కడ ఆస్పత్రిలో చూపిస్తుంటాను. పోయినసారి ఓపీలో టోకెన్ పట్టుకుని కూర్చుంటే ఒకమ్మాయి ట్యాబ్ తీసుకుని వచ్చి, షుగరు పేషెంట్లు ఎలా ఉన్నారో రీసెర్చ్ చేస్తున్నాం, పది నిమిషాలు చాలు అంది. తమిళమ్మాయి, మర్యాదగానే మాట్లాడింది, ప్రశ్నల కాయితం తెలుగులోనే ఇచ్చింది కూడా.

ఆ తెలుగు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. "మీ దైనందిన కార్యకలాపములకు మీ ఆరోగ్యస్థితి ఏ మేరకు అవరోధం కలిగించినది?" చదివి వినిపిస్తే అమ్మ "ఏందంటాది?" అని నా మొహం చూసింది.

తర్వాత నొప్పి సంగతి. సున్నా నుంచి పది లోపు ఎంతో చెప్పాలి. అమ్మ మొదలుపెట్టింది: "నొప్పని కాదు పాపా. పగలంతా అరికాళ్ళ కింద దూది పరిచినట్టుంటాది. రాత్రి పన్నెండయితే కారం పూసినట్టు ఒకటే మంట, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను." ఆ పిల్లకి అర్థం కాలేదు, అర్థమైనా ట్యాబ్‌లో రాసుకునే చోటు లేదు, దానికి కావాల్సింది అంకె. టోకెన్ పిలిచేస్తారేమోనన్న టెన్షన్‌లో నేనే "ఐదు వేసుకోమ్మా" అనేశాను. ఆ తప్పు నాదే.

సాయంత్రం సెంట్రల్ స్టేషన్‌లో లోకల్ ట్రైన్లు ఆగే మూర్ మార్కెట్ వైపు నడుస్తూ చూస్తే అమ్మకి ఒక కాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలీదు. వెనక్కి వెళ్తే ఆటో దిగిన చోటే పడి ఉంది. "ఇంతకుముందు రెండుసార్లయింది, నీకెందుకులే అని చెప్పలా" అంది! కాలికి స్పర్శ పోతోందని ఇంకెవరు చెప్పాలి? స్పర్శ లేని కాలికి మేకు గుచ్చుకున్నా తెలీదు, పుండు పడ్డాకే తెలుస్తుంది, షుగరు ఉన్న ఇంట్లో ఆ పుండు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో నేను చెప్పక్కర్లేదు.

అంకెలు దండగ అనడం లేదు, వందలమందిని పోల్చి చూడాలంటే అవి ఉండాల్సిందే. కానీ అంకె ఒక్కటే చాలదని పరిశోధకులే ఎప్పుడో గ్రహించారు. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన రోనాల్డ్ మెల్జాక్ నొప్పిని వర్ణించే ఇంగ్లీషు మాటలు 78 ఏరి, 20 గుంపులు చేసి 1975లో ఒక ప్రశ్నావళి అచ్చువేశాడు. మంటా, పోటా, గుచ్చుతోందా అన్నదాన్ని బట్టి కూడా జబ్బు ఆనవాలు దొరుకుతుంది మరి. మనకి మాటలు తక్కువా? సలుపు, పోటు, తీపు, చురుకు, గుంజడం, పీకడం, తిమ్మిరి... మా అమ్మ ఒక్కతే పూటకో మాట చెబుతుంది. అవన్నీ కలిపి "నొప్పి: 5".

ఇంగ్లండులో ఆన్ మెక్‌ఫర్సన్‌కి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆండ్రూ హెర్క్స్‌హైమర్‌కి మోకాలు మార్చారు. ఇద్దరూ డాక్టర్లే. తామే పేషెంట్లయ్యాక, అదే జబ్బున్న మిగతావాళ్ళ అనుభవం ఎక్కడా దొరకడం లేదని తెలిసొచ్చి, రోగులు తమ కథ తమ మాటల్లో చెబుతుంటే రికార్డు చేసి 2001లో అందరికీ అందుబాటులో పెట్టడం మొదలుపెట్టారు. డాక్టర్లకే మంచమెక్కితే గానీ అర్థం కాలేదు, ఇంక ట్యాబ్ పట్టుకున్న పిల్లనేం అంటాం.

ఇక్కడి ఓపీల్లో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. రీసెర్చ్ చేసేవాళ్ళు తెలుగు వచ్చినవాళ్ళని ఒకరిని వెంట తెచ్చుకోవాలి. కాయితంలో తెలుగుని ముందు ఒక పెద్దావిడకి చదివి వినిపించి చూడాలి. ఆఖర్న "ఇంకేమన్నా చెప్పాలా అమ్మా?" అని అడిగి ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకుంటే ఖర్చేముంది? నాలాగా పక్కన కూర్చున్న కూతుళ్ళూ కొడుకులూ కాస్త నోరు మూసుకోవాలి, అది వేరే సంగతి.

అమ్మకి వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాను. ఆ ట్యాబ్‌లో మాత్రం ఆమె వరసలో ఇంకా ఐదే ఉండి ఉంటుంది. ఆ రీసెర్చ్ వాళ్ళెవరైనా ఇది చదివితే, అది కొట్టేసి చెప్పు సంగతి రాసుకోండి.

ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై