బాటసింగారం పెద్దాయనకు

మొన్న తెల్లవారుజామున బాటసింగారం పండ్ల మార్కెట్లో నోటుబుక్కు పట్టుకుని తిరుగుతున్న నాకు చాయ్ ఇప్పించిన పెద్దాయనా, మీ పేరు అడగడం మర్చిపోయాను. అందుకే ఇలా చెప్పుకోవాల్సి వస్తోంది.

పండ్లతోటల సాగు మీద పుస్తకం రాద్దామని మూడు నెలలుగా కుస్తీ పడుతున్నాను. మొదట నేల, తర్వాత అంట్లు, చివర్లో మార్కెట్. నా విషయసూచిక చూసి మీరు, "ఇది తిరగెయ్యి బిడ్డా. అమ్ముడు తెల్వకుండ నాటుడెందుకు?" అన్నారు. రెండు బంగినపల్లి కాయలు నా చేతిలో పెట్టారు. తొడిమతో కోసినది నున్నగా ఉంది. రెండోదానికి తొడిమ ఊడి, సొన కారి, తొక్క మీద నల్లటి చార. రుచి ఒకటే, ధర మాత్రం వేరు.

ఎకరానికి పది మీటర్ల ఎడంతో 40 మామిడి మొక్కలా, ఐదు మీటర్లతో 160 మొక్కలా అని పేజీలు నింపాను గానీ కోతకు ఒక్క పేరా కూడా ఇవ్వలేదు! కాయలు మాగబెట్టడానికి వాడే కార్బైడ్ అనే రసాయనం మీద నిషేధం, దాని బదులు ఇథిలీన్ వాయువు నింపిన గదుల్లో మాగబెట్టడం కూడా మీరు చెప్పాకే రాసుకున్నాను.

ఇప్పుడు కోత, గ్రేడింగే మొదటి అధ్యాయం. జామ, బొప్పాయి సంగతులు ఇంకా అడగాలి. సీజన్ అయ్యేలోగా వస్తాను, ఈసారి చాయ్ నాది.