బాంధవ్‌గఢ్ గుహలు: కొలతలు, ఫొటోలు

అందరికీ నమస్కారం. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ గుహలను కొలిచి, ఫొటోలు తీయబోయేవారికి కొన్ని సూచనలు. 2022లో కేంద్ర పురావస్తు శాఖ ఇక్కడ 26 గుహలు (ఎక్కువగా బౌద్ధ గుహలే), ప్రాచీన బ్రాహ్మీ లిపిలోని 24 శాసనాలు నమోదు చేసింది. అంతకు ముందు సర్వే జరిగింది 1938లో. పులుల అడవి కనుక అటవీ సిబ్బంది లేకుండా అడుగు వేయవద్దు.

అసలు చిక్కు శాసనాలతోనే. ఇసుకరాయి పొట్టు రాలుతుంది, అక్షరాలు లోతుగా ఉండవు. ఫ్లాష్ ఎదురుగా కొడితే నీడ పడక అన్నీ చదునుగా కనిపిస్తాయి. టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి, నాలుగు దిక్కుల నుంచీ ఒక్కో ఫొటో తీయండి. కొలబద్ద ఫ్రేములో ఉండాలి. అక్షరాల్లో సుద్ద పూయడం మాత్రం వద్దే వద్దు, అది రాతి రంధ్రాల్లో ఉండిపోతుంది.

గుహ పొడవు, వెడల్పు, ఎత్తుతో పాటు వాకిలి, రాతి పడక కూడా కొలవండి. కొండ అంచున జీపీఎస్ తప్పు చూపవచ్చు. దిక్సూచి, టేపు వెంట ఉండాలి. తేనెపట్టు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.