రెండూ ఒకటే కదా అంటున్నారు, మంత్రి గారూ! కాదు

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నా ఒంట్లో మా అమ్మ కిడ్నీ ఉంది. పదహారేళ్లు దాటింది. దాన్ని నా శరీరం పరాయిదని తోసెయ్యకుండా మొదటి తొమ్మిదేళ్లు సైక్లోస్పోరిన్ వేసుకున్నాను, ఆ తర్వాత నుంచి టాక్రోలిమస్. రెండింటి మంచీ చెడ్డా ఒంటితోనే తెలుసుకున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాసే చనువు తీసుకుంటున్నాను.

మొన్న సోమవారం మందుల కోసం వెళితే కౌంటర్లో ఉన్నాయన చీటీ చూసి, "టాక్రో స్టాకు లేదమ్మా. సైక్లోస్పోరిన్ ఉంది, రెండూ ఒకటే పని చేస్తాయి, తీసుకెళ్లండి" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన ముందున్న జాబితాలో రెండు పేర్లూ ఒకే గడిలో ఉన్నాయి. ఇంట్లో ఇంకా పది రోజుల మందు ఉంది కాబట్టి నేను వద్దనగలిగాను. నా వెనక వరసలో నిలబడ్డ పెద్దాయన మాత్రం, ఆయనదీ టాక్రో చీటీయే, ఇచ్చింది సంచిలో వేసుకుని వెళ్లిపోయారు.

కౌంటర్లో ఆయన అన్నదాంట్లో సగం నిజం లేకపోలేదు. పరాయి అవయవం కనబడగానే మన రక్తంలోని టి-కణాలు దండెత్తడానికి సిద్ధమవుతాయి. ఆ కణం లోపల కాల్సిన్యూరిన్ అనే ఎంజైము పనిచేస్తేనే దండయాత్ర కబురు బయటికి వెళుతుంది. రెండు మందులూ దాని నోరే నొక్కుతాయి. రెండూ మట్టిలోంచే వచ్చాయి కూడా. సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి, టాక్రోలిమస్ జపాన్‌లోని సుకుబా మట్టిలో 1984లో దొరికిన బాక్టీరియా నుంచి. నాలాంటివాళ్లం బతికి ఉన్నది రెండు గుప్పిళ్ల మట్టి పుణ్యమా అని అప్పుడప్పుడూ అనుకుంటూ ఉంటాను. 1978లో సర్జన్ రాయ్ కాన్ కేంబ్రిడ్జిలో సైక్లోస్పోరిన్‌ని రోగులకు వాడి చూశారు. 1983లో అమెరికా ఆమోదించింది. అవయవ మార్పిడి అన్నది ధైర్యంగా చేయగల చికిత్స అయిందంటే ఆ మందు వల్లే. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సర్జన్ థామస్ స్టార్జల్ 1989లో టాక్రోలిమస్ మొదలుపెట్టారు, 1994లో దానికీ ఆమోదం వచ్చింది.

పోలిక అక్కడితో సరి.

సైక్లోస్పోరిన్ మీద ఉన్నప్పుడు నా చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరిగాయి. పళ్లు సరిగ్గా తోముకోవడం లేదా అని పళ్ల డాక్టరు మందలించారు. అది మందు చేసే పని అని ఆయనకూ తోచలేదు. బీపీ, కొలెస్ట్రాల్ పెరిగాయి. వాటికి వేరే మాత్రలున్నాయి, సర్దుకున్నాను. ముఖం మీద వెంట్రుకలు రావడం మాత్రం తట్టుకోలేకపోయాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అద్దం చూసుకుని కావాలనే మందు మానేసిన పూటలున్నాయి. ఈ మాట మా డాక్టరుకు ఇప్పటిదాకా చెప్పలేదు, మీకు చెబుతున్నాను. మందు పుస్తకాల్లో ఇది "అందానికి సంబంధించిన దుష్ప్రభావం" అన్న చిన్న వరుస. ఆ చిన్న వరుసకే అమ్మ ఇచ్చిన కిడ్నీని పణం పెట్టాను.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే లెక్క) పెరుగుతుంటే బయాప్సీ చేసి, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసి, రిజెక్షన్, అంటే శరీరం కిడ్నీని తోసెయ్యడం, మొదలైందని టాక్రోలిమస్‌కి మార్చారు. కిడ్నీ నిలబడింది. ముఖం మీది వెంట్రుకలు పోయాయి, వాటితోపాటు తలమీదివీ కొన్ని పోయాయనుకోండి. చేతులు వణుకుతాయి. నీళ్ల గ్లాసు నిండా పోసుకోను. రెండో ఏడు షుగర్ వచ్చింది. ఈ మందుతో షుగర్ వచ్చే అవకాశం సైక్లోస్పోరిన్ కంటే ఎక్కువని ముందే చెప్పారు. తెలిసే ఒప్పుకున్నాను.

2007లో వెలువడిన సింఫనీ అనే పెద్ద అధ్యయనంలో 1,645 మంది కిడ్నీ మార్పిడి రోగులున్నారు. ఏడాదిలోపు బయాప్సీలో తేలిన రిజెక్షన్ మామూలు మోతాదు సైక్లోస్పోరిన్ వాడినవాళ్లలో 25.8 శాతం, తక్కువ మోతాదు టాక్రోలిమస్ వాడినవాళ్లలో 12.3 శాతం. అందుకే ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా దీనివైపే మొగ్గుతారు. అంతమాత్రాన సైక్లోస్పోరిన్‌ని జాబితాలోంచి తీసెయ్యమని నేను అడగడం లేదు. షుగర్ అదుపు తప్పినవాళ్లకు, వణుకు భరించలేనివాళ్లకు, ఏళ్ల తరబడి దాంతోనే నిలకడగా ఉన్నవాళ్లకు అదే కావాలి. ఇన్ఫెక్షన్లు, చర్మ కేన్సర్, లింఫోమా అనే ఇంకో కేన్సర్ భయం రెండింటితోనూ ఉంది. కిడ్నీని కాపాడే ఈ మందులే మోతాదు మించితే ఆ కిడ్నీనే దెబ్బతీస్తాయి, అదీ రెండింటితోనూ. ఎవరికి ఏ ముప్పు తక్కువో చూసి ఎంచాల్సింది చికిత్స చేసే డాక్టరు. స్టాకు రిజిస్టరు కాదు.

ఒకదాని బదులు ఇంకొకటి ఇవ్వడం ఎంత ప్రమాదమో వినండి. టాక్రోలిమస్ రోజుకు కొద్ది మిల్లీగ్రాములు, సైక్లోస్పోరిన్ వందల్లో కూడా ఉంటుంది. మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము లెక్క కుదరదు. రెండూ కలిపి అసలు వేసుకోకూడదు. ఒకటి ఆపాక కనీసం 24 గంటలు ఆగి రెండోది మొదలుపెట్టాలి. మార్చాక పొద్దున మందు వేసుకోకముందు రక్తం తీసి అందులో మందు లెవెల్ ఎంతుందో చూడాలి, మళ్లీ మళ్లీ చూడాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ లెవెల్‌ని పడగొడుతుంది, బాక్టీరియాకు వాడే క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్ పెంచేస్తాయి. పడితే రిజెక్షన్, పెరిగితే విషం.

పేరు ఒకటే అయినా చిక్కే. టాక్రోలిమస్‌లో రోజుకు రెండుసార్లు వేసుకునేది వేరు, ఒకసారి వేసుకునేది వేరు. ఇవి తారుమారై రోగులు దెబ్బతినడంతో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లో బ్రాండు పేరుతోనే రాయాలి, ఆ బ్రాండే ఇవ్వాలి అని సూచించింది. సైక్లోస్పోరిన్‌లోనూ పాత రకం, కొత్త రకం సమానం కావు.

మీరు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఆ జాబితాలో రెండు పేర్లనూ రెండు వేరు గళ్లలో పెట్టించండి. అవయవ మార్పిడి చేసిన డాక్టరు సంతకం లేకుండా మందుగానీ బ్రాండుగానీ మార్చవద్దని కౌంటర్లకు ఆదేశం పంపండి. మార్చక తప్పని రోజున లెవెల్ పరీక్ష కూడా మందుతోపాటే ఉచితంగా అందేలా చూడండి. పరీక్ష లేకుండా మందొక్కటే ఇవ్వడమంటే కళ్లకు గంతలు కట్టి బండి తోలమన్నట్టే. స్టాకు అయిపోయేదాకా ఊరుకోకుండా నెల ముందే మాకు కబురు చేయించండి.

ఇవన్నీ జరగడానికి రోజులు పడుతుందని తెలుసు. పెద్దాయన సంగతి మాత్రం ఈ రోజే చూడాలి. సోమవారం నాటి రిజిస్టర్లో నా పేరు కిందే ఆయన పేరూ, ఫోన్ నంబరూ ఉంటాయి. ఇంట్లో పాత టాక్రో మాత్రలు ఇంకా మిగిలాయా, రెండూ కలిపి వేసుకుంటున్నారా అని ఎవరిచేతనైనా అడిగించండి. క్రియాటినిన్ చూడమని చెప్పించండి.

ఇట్లు,
ఆ వరసలో ఆయన ముందు నిలబడ్డ పేషెంటు