ఓడిపోయే జట్టుకు టికెట్టు ఎందుకని అడిగారు కదా

సండర్లాండ్,
7 ఫిబ్రవరి 2022.

పూజ్యులైన నాన్నకు,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందని తమ్ముడు చెప్పాడు, సంతోషం.

నిన్న ఫోనులో మీరు నవ్వుతూ అడిగిన మాటకు సరైన జవాబు చెప్పలేకపోయాను. రాత్రి డ్యూటీకి వేళయిందని పెట్టేశాను గానీ, ఆసుపత్రికి నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. "ఓడిపోయే జట్టుకు ఏడాది మొత్తానికీ ముందే డబ్బు కట్టి టికెట్టు కొనేవాళ్ళు ఎవరైనా ఉంటారా?" అన్నారు. ఈ ఊళ్ళో ఉంటారు నాన్నా, ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఉంటారు.

ముందు ఇక్కడి లెక్క చెప్పాలి. మీరు చూసే ఐపీఎల్‌లో ఆఖరున నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది అదే పోటీలో దర్జాగా ఆడుతుంది. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అది కుదరదు. పైమెట్టయిన ప్రీమియర్ లీగ్‌లో ఉండే 20 జట్లలో చివరి మూడూ ఏటా కింది మెట్టుకు దిగిపోవాలి, కింది నుంచి మూడు జట్లు పైకెక్కుతాయి. మా ఊరి జట్టు సండర్లాండ్ 2017లో పైమెట్టు నుంచి జారి, ఎక్కడా కాలు నిలదొక్కుకోలేక, 2018లో రెండో మెట్టు నుంచి కూడా జారి, మూడో మెట్టయిన లీగ్ వన్‌లో పడింది. ఆరుసార్లు దేశ విజేతగా నిలిచిన క్లబ్బు ఇది. ఆ ఆరోసారి 1936లో. నేను ఈ ఊరికి వచ్చింది సరిగ్గా ఆ 2018లోనే కాబట్టి, నేను చూసిందంతా మూడో మెట్టు ఆటే.

ఆ మెట్టులో చాలా క్లబ్బుల ఆటకు పదివేల మంది వస్తే గొప్ప. ఇక్కడ ఆ ఏడాది క్రిస్మస్ మర్నాడు, ఎముకలు కొరికే చలిలో, బ్రాడ్‌ఫర్డ్‌తో ఆట చూడడానికి వచ్చినవాళ్ళు 46,039 మంది. నన్ను తొలిసారి ఆటకు తీసుకెళ్ళింది పక్కింటి పెద్దాయన. ఆయన వయసులో ఉండగా బొగ్గు గనిలో పనిచేశారు. ఊళ్ళో ఓడలు కట్టే యార్డులు 1988 నాటికి మూతపడ్డాయి, మాంక్‌వేర్‌మౌత్ గని 1993లో మూతపడింది. ఆ గని ఉన్న నేల మీదే 1997లో ఈ స్టేడియం కట్టారు. దాని బయట గని కార్మికుల దీపానికి గుర్తుగా పెద్ద దీపస్తంభం ఉంది. తాము కూలికి దిగిన చోటే ఇప్పుడు చప్పట్లు కొడుతున్నామని ఆయన అంటుంటారు.

స్టేడియంలో తన కుర్చీ చూపించి ఆయన చెప్పిన సంగతి మీకు తప్పకుండా రాయాలి. ఎర్రగా ఉండాల్సిన కుర్చీలు ఎండకూ వానకూ వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగాయట. జట్టు రెండోసారి దిగజారిన ఆ వేసవిలోనే, కుర్చీలు మార్చడానికి సాయం రమ్మంటే, అభిమానులు కూలీ లేకుండా వచ్చి పాతవి ఊడదీసి కొత్తవి బిగించారు. "ఈ నాలుగు బోల్టులూ నేనే బిగించాను, కదిలించి చూడు" అన్నారు ఆయన. నేను కదిలించి చూశాను కూడా. గట్టిగానే ఉంది.

అలాగని వీళ్ళు గుడ్డిగా భజన చేసే మనుషులని అనుకోకండి. బాగా ఆడకపోతే నోరారా తిడతారు, అరిచి గోల చేస్తారు, ఇంటికొచ్చి అన్నం మానేసినంత పని చేస్తారు. మనం ఎలాగూ వస్తామని తెలిస్తే యజమానులకు భయం ఎందుకుంటుందని నేనే ఒకసారి పెద్దాయనను అడిగాను. ఆ మాట నిజమేనని ఒప్పుకుని, పోర్ట్స్‌మత్ సంగతి చెప్పారు. 2008లో ఇక్కడి పేరున్న పోటీ ఎఫ్ఏ కప్పు గెలిచిన ఆ క్లబ్బు అయిదేళ్ళలో నాలుగో మెట్టుకు పడిపోయి మూతపడబోతుంటే, 2013లో అభిమానులే చందాలు వేసుకుని దాన్ని కొనుక్కున్నారట. 2019 మార్చిలో లండన్‌లోని పెద్ద స్టేడియం వెంబ్లీలో కింది మెట్ల జట్ల కప్పు ఫైనల్లో ఈ రెండు క్లబ్బులే తలపడితే, వచ్చిన జనం 85,021. పెనాల్టీల్లో మేము ఓడాము. మే నెలలో రెండో మెట్టుకు ఎక్కే ఆటలో అదే వెంబ్లీలో చార్ల్‌టన్ ఆఖరి క్షణంలో గోలు కొట్టి మమ్మల్ని మళ్ళీ కిందనే ఉంచింది. ("మేము" అని రాశాను చూశారా, నవ్వకండి.) ఇక 1973 తరవాత వెంబ్లీలో మొదటిసారి గెలిచింది నిరుడు మార్చిలో. అప్పుడు కరోనా, లోపల ఒక్క ప్రేక్షకుడూ లేడు. నేను వార్డులో ఉన్నాను, పెద్దాయన ఒంటరిగా ఇంట్లో టీవీ ముందు ఉన్నారు.

ఈ జనవరి 29న బోల్టన్‌లో ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయాము, మర్నాడే మేనేజరును పంపించేశారు. మొన్న శనివారం పట్టికలో అట్టడుగున కొట్టుకుంటున్న డాన్‌కాస్టర్ చేతిలో సొంత మైదానంలోనే ఓడాము. ఆ ఆటకు కూడా 38 వేల మందికి పైగా వచ్చారు.

మీకు ఇది వింతగా ఉండాల్సిన పని లేదని నిన్న దారిలోనే తోచింది. మన ఊరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే పద్దెనిమిది రోజులూ మధ్యాహ్నం హరికథ దగ్గర ముందు వరసలో కూర్చునేది మీరే కదా. అర్జునుడు తపస్సుకు మాను ఎక్కే రోజున, దుర్యోధన వధ రోజున మన ఊరూ పక్క ఊళ్ళూ కలిసి ఇసుక వేస్తే రాలనంత జనం. వనవాసం కథ చెప్పే ఎర్రటి ఎండలో మాత్రం పందిట్లో మీరు, నలుగురు ముసలమ్మలు, నేను. కడపటి రోజు మాత్రమే వచ్చేవాళ్ళను చూసి "వీళ్ళకు దుర్యోధనుడి మట్టి బొమ్మే తెలుసు, పాండవుల కష్టం తెలియదు" అని మీరు గొణిగేవారు. పెద్దాయన కూడా, జట్టు పైమెట్టులో ఉన్నప్పుడు మాత్రమే కనబడిన వాళ్ళ గురించి అదే గొంతుతో గొణుగుతారు.

ఈ పొద్దున డ్యూటీ దిగి వస్తూ ఆయనకు మన భారతం గురించి వివరంగా చెప్పాను. చేతిలో టీ కప్పుతో గుమ్మంలో నిలబడి శ్రద్ధగా విని, "మీవాళ్ళు ఆఖరి రోజున గెలుస్తారని ముందే తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. "అయితే మీ నాన్నది సుఖమైన భక్తి" అన్నారు.

కరోనా వల్ల రెండేళ్ళుగా ఆగిన భారతం ఈ ఏడు జరిపిస్తారో లేదో కనుక్కుని తేదీలు రాయండి. సెలవు దొరికితే వనవాసం నాటికే వస్తాను. అమ్మకు నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

మీ కూతురు