టేపులు ఆగవు మంత్రిగారూ

సాంస్కృతిక శాఖ మంత్రిగారికి నమస్కారాలతో,

పాత సంగీతపు టేపుల్నీ, ఎలక్ట్రానిక్ వాద్యాల్నీ కాపాడమని పెట్టుకున్న మూడో అర్జీకి జవాబు రాకపోయేసరికి ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. మొదటి రెండింటికి ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క ముక్క వచ్చింది. దేని పరిశీలనో, ఎవరి పరిశీలనో తెలియలేదు.

నేను ముప్పై ఏళ్లు స్పూల్ టేపుల మధ్య, అంటే పాటలు రికార్డు చేసే పెద్ద చక్రాల టేపుల మధ్య, పనిచేసినవాడిని. మన వాతావరణంలో టేపు ఏమవుతుందో నాకు తెలుసు. చాలా టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే బైండర్ తేమ పీల్చుకుని జిగురవుతుంది. తెలియక మిషన్ మీద పెట్టి తిప్పితే ఆ పొడి ఊడొచ్చి, టేపును చదివే హెడ్‌కి అంటుకుంటుంది. ఆ పొడే పాట అండీ. రాలిందంటే ఎంత పెద్ద ఇంజినీరైనా తిరిగి తేలేడు.

అహ్మదాబాద్ సంగతి మీకు తెలిసిందే. 1969లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్, కరెంటుతో స్వరాలు పుట్టించే మోగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా 1972 దాకా అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. ఆ టేపుల సంగతి లోకానికి తెలియాలంటే బ్రిటన్ నుంచి పాల్ పుర్గస్ అనే సంగీతకారుడు వచ్చి వెతకాల్సి వచ్చింది. 2023లో రికార్డుగా విడుదలయ్యాయి. విన్న రోజు నాకు సంతోషంతో పాటు ఏడుపూ వచ్చింది. ఇవి దొరికాయి సరే, ఎవరూ వెతకనివి ఎన్ని ఉన్నాయి?

‘కరెంటు వాద్యాలు వారసత్వం కిందికి రావు’ అని ఒక అధికారి నా మొహం మీదే అన్నారు. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. 1954లో ‘నాగిన్’ హిందీ సినిమాకి కళ్యాణ్‌జీ క్లావియోలిన్ అనే కరెంటు వాద్యం మీద వాయించిన పాములవాడి నాగస్వరం దేశమంతా విన్నది కదా! బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ చేసిన ఎలక్ట్రానిక్ తంబురా శృతి లేకుండా ఈ రోజు ఎన్ని కచేరీలు మొదలవుతున్నాయి? ఇవి మనవి కాకపోతే ఇంకేవి మనవి?

పాత స్టూడియోలు మూసేసినప్పుడు ప్రతిధ్వని పుట్టించే ఎకో మిషన్లు, కీబోర్డులు, స్పూల్ రికార్డర్లు పాత ఇనుము కింద తూకానికి వెళ్లడం కళ్లారా చూశాను. బతిమాలాను. ఆపలేకపోయాను. వాటితో పాటు సర్క్యూట్ డ్రాయింగులూ, డబ్బాల మీద రాసుకున్న పేర్లూ పోయాయి. ఇక పరిశోధన చేసేవాళ్లు దేన్ని పట్టుకుని చేయాలి?

2025 దాటాక మాగ్నెటిక్ టేపుల్ని వినిపించడమే కష్టమవుతుందని 2019లోనే యునెస్కో హెచ్చరించింది. ఆ గడువూ వచ్చేసింది. టేపులుంటే చాలదు, మిషన్ కావాలి, దాని హెడ్ అరిగితే మార్చగల మనిషి కావాలి. మా తరం వెళ్లిపోతోంది.

దయచేసి ఎక్కడెక్కడ ఏమున్నాయో లెక్క రాయించండి. ఆ తర్వాత కమిటీ వేస్తారో, కేంద్రం పెడతారో మీ ఇష్టం. నా దగ్గర రెండు మిషన్లు ఇంకా తిరుగుతున్నాయి. స్టైపెండ్ ఇచ్చి, ఈ పని నేర్చుకోవడానికి ఇద్దరు పిల్లల్ని పంపండి. నాకు పైసా వద్దు. చేతులు వణకడం మొదలైంది, ఈ ఏడాదే పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సౌండ్ ఇంజినీర్,
విజయవాడ