శీనుకి, ఛాంబర్ లీకు గురించి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కారు కింద పరిచిన అట్టముక్క మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మరకలు. అది ఇంజినాయిలే అయ్యుంటుంది. కానీ ఛాంబర్ (ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దింపేద్దామని అప్పుడే తొందరపడకురా. ఆయిల్ పైన ఎక్కడ బయటపడినా ఇంజిను మీదుగా జారి, చివరికి ఛాంబర్ అంచు దగ్గరే చుక్క కడుతుంది. ట్యాపెట్ కవర్ (ఇంజిను పై మూత) ప్యాకింగ్ పోయినా అంతే, ఆయిల్ ఫిల్టర్ వదులైనా అంతే, ఆయిల్ ప్రెషర్ స్విచ్ కారినా అంతే.

అందుకని ముందు లీకు ఎక్కడో పట్టుకో. ఇంజిను చల్లారాక కింది భాగమంతా బ్రేక్ క్లీనర్ కొట్టి, బనియన్ గుడ్డతో పొడిగా తుడువు. దాని మీద పలచగా టాల్కం పౌడర్ చల్లి, మీ చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఓ 15, 20 కిలోమీటర్లు తిరిగిరా. పౌడర్‌లో తడి చార ఎక్కడ మొదలైందో చూడు, లీకు అక్కడే. గేర్‌బాక్సు ఇంజినుతో కలిసే చోట తడి ఉంటే అది వెనక క్రాంక్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ చివర ఆయిల్‌ను ఆపే రింగు) కావచ్చు. దానికి గేర్‌బాక్సు దింపాలి, ఇంట్లో అయ్యే పని కాదు. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు దగ్గరే తడి ఉంటే నీ అదృష్టం. ఆయిల్ మార్చినప్పుడల్లా మార్చాల్సిన చిన్న వాషర్‌ను చాలామంది మార్చరు. అది కొత్తది వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగిస్తే సరిపోతుంది. చిన్న కార్లకు అది మామూలుగా 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇంజిను లోపలి ఆవిరిని బయటికి లాగే పీసీవీ వాల్వ్ కూడా చూడు. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎంత బాగా సీల్ చేసినా ఆయిల్ బయటికి నెడుతుంది.

ఛాంబరే అని తేలితే స్పేర్ పార్టుల షాపులుండే జీపీ రోడ్డుకు వెళ్లి ఫిల్టరు, డ్రెయిన్ వాషర్, సీలెంట్ (అతుకు కారకుండా పూసే పేస్టు) తెచ్చుకో. అనాబాండ్ 666 అంటే షాపులో ఎవరైనా ఇస్తారు, అది మీ చెన్నై కంపెనీదే. బాత్రూములకు వాడే, వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం వద్దు. అది వేడి ఆయిల్‌కి నిలవదు. నీ కారుకి రబ్బరు ప్యాకింగ్ ఉంటే కొత్తది కొను. అప్పుడు సీలెంట్ టైమింగ్ కవర్ (ఇంజిను పక్క మూత) ఇంజిను బ్లాకుతో కలిసే మూలల్లో ఓ చుక్క చాలు. బయటినుంచి ఎం-సీల్ అద్దేద్దామని ఎవరైనా అంటే వినకు. జిడ్డు మీద అది పట్టదు.

కారు చదునైన నేల మీదే లేపు, మీ బేస్‌మెంట్ ర్యాంపు మీద వద్దు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, స్టాండుల మీద దించాకే కిందికి దూరు. ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకుని కింద పడుకోవద్దు, ఈ ఒక్క మాట నాకోసం వినాలి. సైలెన్సర్ పైపో, కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబరో అడ్డొస్తే ఆపేసి మెకానిక్‌కి ఇచ్చెయ్.

ఆయిల్ దించాక బోల్టులు తియ్యి, ఎక్కువగా 10 నంబరు స్పానర్ పట్టేవి ఉంటాయి. ఎదురెదురు మూలల్లో రెండు మాత్రం వదులుగా ఉంచి, రబ్బరు సుత్తితో పక్కనుంచి తట్టు. మొండికేస్తే పలచటి పుట్టీ బ్లేడు దూర్చు. అల్యూమినియం ఛాంబర్‌కి స్క్రూడ్రైవర్ గుచ్చావంటే ఆ గీతలోంచే మళ్లీ కారుతుంది. రేకు ఛాంబరైతే దాని అంచు మీద స్టీలు స్కేలు నిలబెట్టి, అవతల టార్చి వేసి చూడు. బోల్టు కన్నాల చుట్టూ రేకు పైకి ఉబ్బి, రెండు కన్నాల మధ్య వెలుతురు కనిపించవచ్చు. ఎవరో అతిగా బిగించిన ఫలితం అది. చెక్క ముక్క మీద అంచు ఆనించి, ఉబ్బులను చిన్నగా కొట్టి చదును చెయ్యి. ఈ పని ఎగ్గొడితే ఎంత ఖరీదైన సీలెంటూ నిలవదు.

అసలు పనంతా శుభ్రం చేయడంలోనే ఉంది. పాత సీలెంట్ ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, రెండు వైపులా బ్రేక్ క్లీనర్‌తో తుడువు. బ్లాకులోంచి ఆయిల్ గంటల తరబడి దిగుతూనే ఉంటుంది కాబట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మళ్లీ తుడువు. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తుడిచి, ఆ తర్వాత వేలు కూడా తగలనివ్వకు.

సీలెంట్ 3 మిల్లీమీటర్ల మందాన, ఎక్కడా తెగకుండా, బోల్టు కన్నాలకు లోపలి వైపుగా గీత గియ్యి. ఎక్కువ పెడితే మంచిదనుకోకు. లోపలికి పిండుకున్న ముక్క ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయి. ఈ రకం సిలికాన్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది. మీ చెన్నై ఉక్కలో పైపొర త్వరగా కట్టేస్తుంది కాబట్టి గీత పూర్తవగానే ఛాంబర్ ఎక్కించు. బోల్టులన్నీ చేత్తో పట్టించి, మధ్యనుంచి బయటికి అటూ ఇటూ మార్చుతూ, రెండు మూడు విడతల్లో బిగించు. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల దగ్గర్లో చాలు, నీ కారు లెక్క మాన్యువల్‌లో చూసుకో.

ఆ తర్వాత 24 గంటలు ఆగు. కొత్త ఫిల్టరు వేసి, మాన్యువల్ చెప్పినంత ఆయిల్ పొయ్యి. ఇంజిను స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపెయ్. ఆరితే ఓ పది నిమిషాలు నడవనిచ్చి కింద చూడు, డిప్‌స్టిక్ కూడా చూడు. సీలెంట్ ఆరిన తర్వాత బోల్టులు మళ్లీ బిగించకు, పట్టు విడిపోతుంది. పాత ఆయిల్ క్యానులో పోసి సర్వీస్ సెంటర్లో ఇచ్చెయ్, వాననీటి కాల్వలో మాత్రం పొయ్యకురా.

ఉంటాను,
మురళి